బర్రెకు పాడిన ఢావ్‌లో

జనగామ సదస్సుకు ముందు సుమ చేయవలసిన పనులు: ఫోను నిండా ఛార్జింగ్ పెట్టుకోవాలి. రుక్కి అవ్వకు ఆకూ వక్కా కొనాలి. మరిపెడ దగ్గరి ఆమె తండాకు పోవాలి. ఢావ్‌లో అనే పాట రికార్డు చేయాలి. దాని మీద పత్రం పూర్తి చేయాలి.

తండా దాకా వచ్చింది. ఆకూ వక్కా అవ్వ దవడకు చేరాయి. పాట మాత్రం బయటికి రావడం లేదు.

లంబాడీ ఆడపిల్ల పెళ్లయి అత్తగారింటికి పోతుంటే, ఆమె, అయినవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఏడుస్తూ పాడేదే ఢావ్‌లో. సుమది రేగొండ వైపు తండాయే. కానీ హాస్టళ్లలో పెరిగింది, ఇంటి భాష నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అందుకే అవ్వ ఆమెతో తెలుగులోనే మాట్లాడుతోంది. ఇంట్లో మొదటి డిగ్రీ సుమదే, ఇప్పుడు లంబాడీ పాటల మీద పరిశోధన. పాట లేకుండా వస్తే సదస్సులో చోటు ఇంకొకరికి ఇస్తానని గైడు ముందే చెప్పాడు.

"జర రెండు ముక్కలన్న పాడు అవ్వా."

"పోయే మనిషే లేదు. ఉత్తగ ఎట్ల ఏడుస్త? ఇంటికి మంచిది కాదు."

"పాటే గద."

"నీకు పాట. మాకు ఏడుపు. గిది హాస్టల్ల చెప్పలేదా?"

అవ్వ మనుమడు బలరాం నెత్తిన తువ్వాల ముసుగేసుకొని ముందుకొచ్చి కూచున్నాడు. "నేను అత్తగారింటికి పోతున్ననే. నన్ను పట్టుకొని ఏడువు."

"నువ్వు పోతే తండకు పండుగరా. ముందుగాల ఆ మీసాలు తీయించుకొని రా."

అందరూ నవ్వారు, సుమ తప్ప. ఆమెకు జనగామ కళ్లముందే దూరమవుతోంది.

అంతలో టీక్యా ట్రాలీ ఆటోతో వచ్చాడు. అవ్వ తన బర్రెను అతనికి అమ్మిందని, తోలుకుపోయేది ఈరోజేనని సుమకు అప్పుడు తెలిసింది. టీక్యా, బలరాం ఎంత లాగినా బర్రె ట్రాలీ ఎక్కలేదు.

అవ్వ లేచి పోయి దాని మెడను కావలించుకుంది. కావలించుకొని, ఢావ్‌లో ఎత్తుకుంది.

చిన్న దూడవై వచ్చినావు, నా కొంగు నమిలి పెరిగినావు, కొత్త వాకిట్లో నీ అలక ఎవరు తీరుస్తారు తల్లీ అని పాట. అదంతా ఇంటి భాషలోనే. సుమకు ఒక్క మాట కూడా ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. రికార్డు నొక్కిన ఫోను పట్టుకొని తనూ వెక్కి వెక్కి ఏడ్చింది.

"అవ్వా, నేను కొనుక్కపోతున్న. లగ్గం జేసుకపోతలేను," అన్నాడు టీక్యా.

"నోరు మూస్కో. దానికి పొద్దుగాల కుడితి వెచ్చగుండాలె."

పాట అయ్యాక బర్రె తనంతట తనే ట్రాలీ ఎక్కింది. అవ్వ కళ్లు తుడుచుకొని సుమను చూసింది. "ఇగో, గిట్ల ఏడువాలె. ఇప్పుడు నీకు వచ్చింది."

ఆ భాష రాని గైడు రికార్డు విని ఫోన్ చేశాడు. "బాగుందమ్మా. పెళ్లికూతురి పేరేమిటి?"

అబద్ధం చెప్పొచ్చు, ఎవరూ చూడరు. సుమ ఉన్నదే చెప్పింది. "పెళ్లికూతురు లేదు సార్. బర్రె."

అవతల పెద్ద నవ్వు. "అట్లనే రాయి. బర్రెకు కూడా ఢావ్‌లో పాడతారని ఇంతవరకు నాకు తెలియనే తెలియదు."

జనగామ సదస్సులో పాట వినిపించినప్పుడు మధ్యలో బర్రె అరిచింది. హాలంతా నవ్వింది, ఆ తరువాత పాటను చివరిదాకా విన్నది.

ఆ పత్రం ఎప్పుడైనా మీ కంటబడితే, రాసిన సుమ పేరు మరిచినా ఫరవాలేదు. ఉత్తగా ఏడవనన్న రుక్కి అవ్వను మాత్రం గుర్తుపెట్టుకోండి.