పేరు మీద గీత

ఆ పొద్దున మా ఇంట్లో గొడవ పాలు వడకట్టే బట్ట గురించి. దాని అంచున ఎర్రటి మరక అంటింది. మా అత్తమ్మ కిష్టమ్మ ఆ బట్టను రెండు వేళ్లతో పట్టుకుని నడింట్లో నిలబడి, కలం తుడుచుకోవడానికి ఇల్లంతటికీ ఇదే దొరికిందా అని కొడుకును అడిగింది. మూలన పడి ఉంటే పాత గుడ్డ అనుకున్నానన్నారు మా ఆయన రామచంద్రం. అది మూలన పడలేదు, నేనే చిలక్కొయ్యకు తగిలించాను. ఆ మాట అనకుండా ఉండవలసింది గాని ఉండలేకపోయాను.

"సిరానే గదా, కడిగితే పోతది" అన్నారాయన.

"ఇద్దరం ఉతికినం. ఎవరి చేతికీ పోలే" అంది అత్తమ్మ.

ఆయన నవ్వి, బడి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు. ఆ సంచిలో రెండు సిరాబుడ్లు ఉండేవి, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. నగరానికి వెళ్లినప్పుడల్లా సిరాగోలీలు కొనుక్కొచ్చి, వేడినీళ్లలో కరిగించి, వడగట్టి నింపుకునేవారు. పప్పు ఎంత ఉడికిందో ఆయనకు ఎప్పుడూ తెలియదు గాని, సిరా చిక్కదనం మాత్రం వెలుతురుకు ఎత్తి చూసి చెప్పగలిగేవారు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది అది. బడుల్లో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. ఖాజాగూడ బడికి ఆయన్ని వేశారు. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ వైపంతా అప్పుడు బండలు, బండల నడుమ సీతాఫలం చెట్లు. పొద్దున పూట చెరువు మీది మంచు ఆ బండల మొదళ్లను కప్పేస్తే పైభాగాలు గాలిలో తేలుతున్నట్టు ఉండేవి. ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు బండకు తగిలి, కాస్త ఆగి, ఇంకెవరో పిలిచినట్టు తిరిగి వచ్చేది. కొత్తలో నేను రెండుసార్లూ పలికేదాన్ని.

బడిలో పదకొండు మంది పిల్లలు, అందులో ఆడపిల్ల ఒక్కతే. పేరు బుచ్చమ్మ. అంతకు ముందు ఏడాది వానల్లో తండ్రి నర్సింహ జ్వరంతో పోయాడు. తల్లి సత్తెమ్మ సీతాఫలాలు గంపకెత్తుకుని నగరానికి నడిచి వెళ్లి అమ్ముకొచ్చేది. పిల్లను బడికి పంపమని మా ఆయన మూడుసార్లు ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. మూడోసారి ఆమె పిల్లకు తల దువ్వి పంపింది. అప్పుడప్పుడే పలక వదిలి కాగితం పట్టిన బుచ్చమ్మ, పేరు రాయడం వచ్చినప్పటి నుంచి ప్రతి పుట మీదా పైన తన పేరు పెద్ద అక్షరాలతో రాసుకునేది, ఆ తర్వాతే పాఠం.

ఆ పిల్ల మూడు రోజులుగా బడికి రావడం లేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు. తాను స్వయంగా వెళ్లి పిలిచినా తలుపు తీయలేదట. ఆ ఒక్క పిల్ల కూడా మానేస్తే, ఇక ఈ ఊళ్లో ఏ తల్లీ ఆడపిల్లను పంపదన్నారు. కారణం ఏమిటో బడి పిల్లలు చెప్పారు గాని అది ఆయనకు మింగుడు పడలేదు: పంతులు బుచ్చమ్మ పేరు మీద గీత గీశాడట.

"అందరి పుస్తకాల మీద గీస్త. దిద్దిన పుటనే మల్ల తెచ్చి చూపెట్టకుండ పైనుంచి కిందిదాక ఒక గీత. మా పంతులు నాకు గట్లనే గీసెటోడు" అన్నారు.

నేను వెళ్లి కనుక్కుంటానన్నాను.

చెరువు గట్టు మీదుగా నడిచాను. గాలి లేదు. నీళ్ల మీది వెలుతురు బండల అడుగుభాగాన పడి మెల్లగా కదులుతోంది. రాయి ఊపిరి తీస్తోందా అన్నట్టు ఉంది. పండిన సీతాఫలాల వాసన దారి పొడుగునా నాతోపాటే వచ్చింది. కాలేజీలో చదివిన రెండేళ్లలో పల్లెల్లోని అమాయకపు నమ్మకాల గురించి మేం వ్యాసాలు రాసేవాళ్లం. సత్తెమ్మకు ఏం చెప్పాలో వాక్యాల వరసతో సహా సిద్ధం చేసుకుంటూ నడిచాను.

ఆమె ఇంటి ముందు గంపలో గడ్డి పరిచి కాయలు పేరుస్తోంది. నన్ను చూసి లేచి, మంచం వాల్చింది. గుమ్మం లోపల బుచ్చమ్మ కూర్చుని ఉంది. గడప దాటడం లేదు. ఆ పిల్ల ఎదురుగా ఉన్న బండ మీద ఒక కాగితం ఆరుతోంది, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి. గీత పోవాలని సత్తెమ్మ చెరువు నీళ్లతో కడిగిందట. గీత పోలేదు. కాగితమంతా పాకి, పుట పుటంతా పొద్దుగూకే ఆకాశంలా లేత ఎరుపైంది. ఆ ఎరుపు లోపల నీలంగా చెదిరిన అక్షరాలు నీటి అడుగున ఉన్నట్టు కనిపించాయి.

అది పాఠం చూశాననే గుర్తు మాత్రమేనని సత్తెమ్మకు చెప్పాను. పిల్ల మీద కోపం లేదనీ, అందరికీ అలాగే గీస్తారనీ చెప్పాను. ఆమె చేతిలో కాయను తిప్పుతూ అంతా విన్నది. తర్వాత తన సంగతి చెప్పింది. నర్సింహ పోయిన నెలకు చావడికి రమ్మన్నారు. పట్వారీ రాజయ్య భూముల పుస్తకం తీసి, ఇది నీ పెనిమిటి పేరని చూపించి, దాని మీద ఎర్రసిరాతో గీత గీశాడు. పైన మరిది పేరు రాశాడు. ఆమెకు చదువు రాదు. బుచ్చమ్మ పుట మీద గీత పడేదాకా ఎర్రసిరాను ఆమె జన్మలో చూసింది ఆ ఒక్కసారే. ఊళ్లో ఎవరు పోయినా ఆ పుస్తకంలో అంతే. నేను అడిగితే పక్కింటి పోచమ్మ కూడా గోడ అవతలి నుంచి అవునంది.

"ఎర్రగీతకు మనిషిని చంపే గుణం ఉండదు సత్తెమ్మా" అన్నాను.

"నాకెరికే పంతులమ్మా. నేనేం పిచ్చిదాన్ని గాను. మా ఆయన ముందు పోయిండు, గీత వెనక గీసిండ్రు" అంది. కాయను గంపలో పెట్టి నా వైపు చూసింది. "ఈ పిల్లకు గీత ముందొచ్చింది. మరి వెనక రావల్సింది ఏందో చెప్పు."

నేను పిల్ల వైపు తిరిగాను. బుచ్చమ్మ నన్ను కాదు, ఆరుతున్న కాగితాన్నే చూస్తోంది. బడికి రావాలని ఉందా అని అడిగితే తల్లి ముఖం చూసి, ఉందన్నట్టు తల ఊపింది.

దీపాలు పెట్టే వేళకు భోజనాలకు కూర్చున్నాం. ఆయనా అత్తమ్మా తింటుంటే నేను వడ్డిస్తూ జరిగిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు వాదించారు. నీలం అక్షరాల నడుమ నీలంతో దిద్దితే పిల్లకు తప్పు ఎక్కడుందో కనపడదన్నారు. తనకు చదువొచ్చిందే ఎర్రసిరా వల్లనన్నారు. తనిఖీకి వచ్చేవాళ్లు ఎరుపు కనపడకపోతే పంతులు పుస్తకాలు ముట్టలేదని రాస్తారన్నారు. భయానికి లొంగడం కాదు, భయం పోగొట్టడమే బడి పనన్నారు. అందులో నేను కాదనగలిగింది ఒక్కటీ లేదు.

అలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయనకు ఒక ఉపాయం తట్టింది. ముఖం వెలిగింది.

"రేపు సత్తెమ్మను బడికి పిలుస్త. ఆమె ముందల ఒక కాగితం మీద నా పేరు రాస్త. బుచ్చమ్మ చేతికి ఎర్రకలం ఇచ్చి, నా పేరు మీద గీత గీయమంట. మల్ల నేను రోజూ వాళ్ల ఇంటి ముంగటి నుంచే బడికి పోత. నన్ను చూసుకుంట ఉంటే భయం అదే పోతది."

అత్తమ్మ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. అది నేను ఊహించినదే. ఊహించనిది నా చెయ్యి. చారు గరిటె గిన్నెకూ ఆయన విస్తరికీ నడుమ నిలిచిపోయింది. దింపుదామనుకున్నాను. దిగలేదు. కళ్ల ముందు ఎవరూ రాయని ఆ కాగితం, ఆయన పేరు, ఆ పేరు మీదుగా మెల్లగా పాకుతున్న ఎరుపు. గరిటె అంచు నుంచి చారు బొట్టుబొట్టుగా నేల మీద పడుతోంది.

ఆయన తల్లి వైపు చూశారు. తర్వాత నా వైపు.

"నీకు కూడనా, సీతా?" అన్నారు.

కాదని చెప్పాలనే ఉంది. చదువుకున్నదాన్ని. గరిటెను మళ్లీ గిన్నెలోకి దించాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. బయట ఎవరో పశువును పిలుస్తుంటే, బండల నుంచి ఆ పిలుపు ఆలస్యంగా ఇంకోసారి వినిపించింది.

"కాలేజీ చదివిన నీకే చెయ్యి ఆగితే, ఆమెను ఏమని అడుగుత" అన్నారు చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత గొంతు సవరించుకుని, బడిలో చెప్పినట్టు స్పష్టంగా చెప్పారు.

"రేపటి సంది ఎర్రసిరా బడికి రాదు. గీత కూడ గీయ. పిల్లను పక్కకు కూసోబెట్టుకుని, తప్పు కాడ వేలు పెట్టి చూపిస్త. దాని చేతనే దిద్దిపిస్త."

"తనిఖీకి వచ్చినోళ్లు అడిగితే?" అంది అత్తమ్మ.

"అడుగనీ. వాళ్లకు నేను చెప్పుకుంట." చారు పోయమని విస్తరి నా వైపు జరిపారు. "పొద్దుగాల సత్తెమ్మ గంపెత్తుకుని పోకముందే వాళ్లింటికి పోవాలె. నువ్వు కూడ రా."