బల్లగుడ్డ కింద ఒదీల్

ఆన్సెల్మ్‌కి మనుషులకన్నా గోడలకు అతికించే పూలకాగితం మీద మక్కువ ఎక్కువ. పారిస్‌లోనే ఉన్న అక్క లేయోంతీన్ ఇంటికి ప్రతి ఆదివారం భోజనానికి వెళ్ళేవాడు. ముందున్న సూప్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా దీపాన్నీ, గిన్నెల్నీ, కుట్టుపని మీద వంగిన అక్క వీపునీ చూస్తూ కూర్చునేవాడు. ఇంటికెళ్ళి అవే బొమ్మలుగా వేసేవాడు.

రెండేళ్ళ కిందట ఒక బొమ్మలో మేనకోడలు ఒదీల్‌ని కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. తీరా వేశాక చూస్తే పిల్ల ఎర్రగౌను బొమ్మనంతా మింగేస్తోంది. బల్లమీది తెల్లగుడ్డను పైకి పొడిగించి పిల్లను కప్పేశాడు.

"నా కూతురేదిరా?" అని లేయోంతీన్ నిలదీసింది.

"బల్లగుడ్డ కింద దాక్కుందిలే అక్కా" అని నవ్వేశాడు మహానుభావుడు.

ఈ చలికాలం కంఠసర్పి వచ్చి ఒదీల్ పోయింది. చర్చిలో తొలి సత్ప్రసాదం తీసుకునే రోజున మొదటి ఫొటో తీయిద్దామనుకున్నారు. ఆ రోజు రానేలేదు.

నల్లబట్టల్లో లేయోంతీన్ తమ్ముడి గదికి వచ్చింది. "ఆ తెల్లరంగు తీసెయ్యరా. దాని ముఖం ఒక్కసారి చూసుకుంటాను."

"అది జిగురులో కలిపిన రంగక్కా. తడి తగిలితే పైపొరతోబాటు కిందదీ కరిగిపోతుంది."

"కరిగితే కరగనీ. కనబడనిదాన్ని ఉంచుకుని ఏం చేసుకోను?"

కాదనలేకపోయాడు. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, మెల్లగా అద్దాడు. తెలుపు ఊడివచ్చింది. ఎర్రగౌను చెక్కుచెదరకుండా బయటపడింది.

"అదిగోరా!" అంది లేయోంతీన్, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని.

ఇంకాస్త పైకి అద్దాడు. గౌను మెడపైన లేత గులాబీరంగు మచ్చ ఒకటి ఉంది. కళ్ళు లేవు, ముక్కు లేదు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, తను వేసిందే అంత. పిల్ల ఎదురుగా కూర్చుని వాగుతుంటే ఆ పూటంతా గౌనునే చూశాడు. ఇప్పుడు ఎంత తన్నుకులాడినా ఆ ముఖం మనసుకు రావడం లేదు.

"ముఖమేదిరా? కరిగిపోయిందా?"

నిజం చెప్పాలనే నోరు తెరిచాడు. చెప్పలేకపోయాడు.

"అవునక్కా. చెయ్యి బరువు పడింది." అతనికి కన్నీళ్ళు ఆగలేదు.

లేయోంతీన్ ఆ మచ్చనే చాలాసేపు చూసింది. తర్వాత తమ్ముడి చేతిలోంచి తడిగుడ్డ తీసి పక్కన పెట్టింది.

"ఊరుకోరా. కావాలని చేశావా ఏం? దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతసేపు చూసినవాడివి నువ్వొక్కడివేగా" అంది.