ఉందో లేదో చూద్దామని

అక్కకు ఒక జబ్బుంది. తాళం వేసి నాలుగడుగులు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూస్తుంది. గ్యాస్ కట్టేసిందో లేదో మంచమెక్కాక గుర్తొస్తుంది. గొంతున్న రోజుల్లో చెల్లెలు దీని మీద ఆమెను తెగ ఏడిపించేది.

గొంతు తీసేసే ఆపరేషన్‌కు ముందు చెల్లెలు అక్క ఎంబ్రాయిడరీ షాపులో మెషీన్లన్నీ ఆపించి, వందల వాక్యాలు చదివి రికార్డు చేసింది. వాటిని ఒక కంపెనీకి పంపితే, ఫోను తన గొంతుతోనే మాట్లాడేలా చేసిస్తారట. ఆపరేషన్ కుట్లు మానాక పంపుదామనుకున్నారు. రికార్డులు షాపు కంప్యూటర్లో ఉన్నాయి, ఇంకో కాపీ బీరువాలోని హార్డ్ డ్రైవ్‌లో ఉంది.

ఆ ఉదయం కొత్త డిజైన్ అంటూ వచ్చిన మెయిల్‌ను అక్క తెరిచింది. ఫైళ్ల పేర్లన్నీ పిచ్చి అక్షరాలైపోయాయి. డబ్బు కడితేనే ఫైళ్లు తెరుస్తామని తెర మీద బెదిరింపు. డ్రైవ్ ఉందిగా, అనుకుంది. అందులో ఉన్నాయో లేదో చూద్దామని తెచ్చి అదే కంప్యూటర్‌కు తగిలించింది. కళ్ల ముందే అవీ పోయాయి.

"ముందు నెట్ పీకేయాల్సింది మేడమ్. డ్రైవ్ దీనికి పెట్టకపోతే బతికిపోయేది," అన్నాడు రిపేరతను. "డబ్బు కట్టినా ఇస్తారన్న నమ్మకం లేదు."

"చూద్దామని పెట్టాను," అంది అక్క.

షాపుకు తాళం వేసి, లాగి చూడకుండానే ఇంటికి నడిచింది. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

చెల్లెలు ఫోన్లో టైపు చేసింది. ఎవరిదో తెలియని ఆడగొంతు పలికింది: "నా గొంతు పంపావా?"

"పోయింది. రెండు చోట్లా."

చెల్లెలు టైపు చేసి, చెరిపి, మళ్లీ చేసింది. "డ్రైవ్ పెట్టి చూశావా?"

అక్క తలూపింది. చెల్లెలు అక్క ఫోను లాక్కుని, పాత మెసేజీల్లో వెతికి, ఆపరేషన్‌కు ముందు తను పంపిన ఒకే ఒక్క వాయిస్ మెసేజీని నొక్కింది.

"అక్కా, డ్రైవ్ బీరువాలో పెట్టావుగా? ఇక దాని జోలికి పోకు. ఉందో లేదో అని తీశావంటే చంపేస్తా!" చివర్లో పకపకా నవ్వు.

మిగిలిన గొంతు అదొక్కటే.

"ఇది దాచు," అంది పరాయి గొంతు.

అక్క ఫోను తీసుకుంది. ఉందో లేదో అని మళ్లీ నొక్కింది.