ముక్కు అరిగిన బూట్లు

బడులు తెరిచి నాలుగు నెలలైనా కాలేదు, చిన్నోడి మూడో జత బూట్లకు చిల్లు పడింది.

పొద్దుటి నుంచీ లాండ్రీలో నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేసి వచ్చిన తల్లి, గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ వాటిని చూసింది. రెండింటికీ ముక్కు దగ్గర నల్లతోలు లేచిపోయి లోపలి గుడ్డ బయటపడింది. ఎడమదాని చిల్లులోంచి వేలు దూరుతోంది. పక్కనే కూతురి బూట్లున్నాయి. అవి నిరుడు కొన్నవి. కాస్త పాలిష్ కొడితే ఇప్పటికీ కొత్తవే అనుకుంటారు.

“ఒరేయ్, ఇలా రా!”

ఏడేళ్ళ చిన్నోడు లోపలి గదిలోంచి వచ్చాడు. వాడి నడకెప్పుడూ మునివేళ్ళ మీదే, నిద్రపోయేవాళ్ళను లేపకూడదన్నట్టు. ఇంట్లో అందరూ ముద్దుగా పిల్లినడక అనేవారు.

“ఏం చేస్తున్నావురా వీటిని? బండకేసి రుద్దుతున్నావా, కొరుక్కు తింటున్నావా?”

“ఏం చెయ్యట్లేదమ్మా.”

“ఏం చెయ్యకుండానే చిల్లులు పడ్డాయా? దారిలో కనిపించిన రాయినల్లా తంతున్నావు, అంతేగా?”

హోంవర్కు చేసుకుంటున్న కూతురు తలెత్తింది. దానికి పదేళ్ళు. “వాడు బంతి కూడా ఆడడమ్మా. ఆటల పీరియడ్‌లో గోడ పక్కన కూర్చుంటాడు.”

“నువ్వు వాణ్ణి వెనకేసుకు రాకు.”

నిజానికి ఆ పూట ఆమె కోపం బూట్ల మీద కాదు. ఒక తెల్లచొక్కా కాలరు కాస్త మాడిందని యజమాని నలుగురిలో నానా మాటలూ అన్నాడు. ఆ ఉడుకంతా ఇంటిదాకా మోసుకొచ్చింది. “కాళ్ళెత్తి నడవరా అని నెత్తీ నోరూ మొత్తుకుంటున్నాను కదా!” అంది.

“ఎత్తుతున్నానమ్మా,” అన్నాడు చిన్నోడు.

ఎదురు చెబుతున్నాడనుకుంది. చెయ్యి లేచింది, చెంప ఛెళ్ళుమంది. వాడు ఏడవలేదు. తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

కూరగాయల వ్యాను నడిపే తండ్రి మర్నాడు ఇంకో జత తెచ్చాడు. మందపాటి అడుగు, ఇటుకంత బరువు. “పెద్దయ్యేదాకా వీటికి ఢోకా లేదన్నాడు షాపువాడు,” అన్నాడు.

వారం గడిచింది. బూట్ల మీద ఒక్క గీత పడలేదు. “చూశావా, ఒక్క దెబ్బతో దారికొచ్చాడు,” అని భర్తతో గొప్పగా చెప్పుకుంది కూడా.

ఆదివారం చిన్నోడికి స్నానం చేయిస్తూ కాలు చేతిలోకి తీసుకుంది. వేళ్ళ చివర తోలు ఊడిపోయి, రెండు చోట్ల పచ్చిగా ఉంది.

“ఏమైందిరా ఇది?”

“బడి గేటు దాటాక బూట్లు విప్పి సంచిలో పెట్టుకుంటున్నానమ్మా. మేజోళ్ళతో నడిచొస్తున్నా. నువ్వు చూడకుండా ఉండాలని మన వీధి మలుపులో మళ్ళీ వేసుకుంటున్నా.” వాడు కళ్ళలో పడ్డ సబ్బు నురగ తుడుచుకుని నవ్వాడు. “ఇప్పుడు అరగట్లేదు కదా?”

“మీ అక్క చూస్తూ ఊరుకుందా?”

“చెప్పొద్దని ఒట్టేయించుకున్నా.”

ఆమె చెంబు కింద పెట్టేసి, తడి నేల మీదే చతికిలబడింది. వాడి కళ్ళు మెప్పు కోసం ఇంకా ఆమె మొహం మీదే ఉన్నాయి. “బంగారుకొండవి,” అంది చివరికి.

ఆ వారమే ఆమె తల్లి నాలుగు రోజులుండి పోదామని వచ్చింది. పిల్లలు బడి నుంచి వచ్చేవేళకి అమ్మమ్మ గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని ఉంది. బల్ల కింద, కుట్టించడానికని పక్కన పెట్టిన ఆ మూడో జత ఆమె కాలికి తగిలింది. వంగి ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. మడమ దగ్గర వేలితో తడిమింది.

“ఇవెవరివే?”

“ఇంకెవరివి, నీ ముద్దుల మనవడివి. బూట్ల షాపు వాడికి అల్లుడయ్యేలా ఉన్నాడు.”

అమ్మమ్మ నవ్వలేదు. “మడమ అసలు అరగలేదు. ముక్కే పోయింది,” అంది. ఆ బూటును ఒళ్ళోనే పెట్టుకుని, “నాన్నా, ఇలా వచ్చి నేల మీద కూర్చోరా. ఆ... ఇప్పుడు లే,” అంది.

చిన్నోడు ముందు బోర్లా తిరిగాడు. రెండు చేతులూ నేలకు ఆన్చి నడుం పైకెత్తాడు. ఒక చెయ్యి మోకాలి మీదికి తెచ్చాడు, తర్వాత రెండోది. అక్కణ్ణుంచి తొడల మీదుగా చేతులు పైకి పాకిస్తూ, తన ఒంటిని తానే చెట్టులా ఎక్కి నిలబడ్డాడు.

తల్లి అది వెయ్యిసార్లు చూసింది. పిల్లచేష్ట అనుకుంది. చొక్కా మోచేతుల నిగనిగ చూసి ఇతను రాతబల్ల ముందు కూర్చునేవాడు, భుజం మీది నలుగుడు చూసి ఇతను బరువులు మోసేవాడు అని ముక్కూమొహం తెలియనివాళ్ళ సంగతులు చెప్పే మనిషి, కడుపున పుట్టినవాడి బూట్లు చూసి ఏమీ తెలుసుకోలేకపోయింది.

“చాలు నాన్నా, చాలు,” అని అమ్మమ్మ లేచి స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

బయటికొచ్చాక, పిల్లల్ని పక్కింటికి పంపి, కూతుర్ని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

“మీ అన్న గుర్తున్నాడా నీకు?”

గుర్తున్నాడు, లీలగా. ఆమెకు ఐదేళ్ళప్పుడు పోయాడు. తనకన్నా పదకొండేళ్ళు పెద్ద. ఎప్పుడూ కుర్చీలో కూర్చునే ఉండేవాడు. తను దువ్వెన తెచ్చి ఎన్నిసార్లు తల దువ్వినా విసుక్కునేవాడు కాదు. అన్నలంటే కూర్చునే ఉంటారని అనుకునేది ఆ వయసులో.

“జ్వరమొచ్చి పోయాడన్నావు కదా?”

“ఆఖర్న వచ్చింది జ్వరమే. అంతకు ముందు తొమ్మిదేళ్ళు ఏం జరిగిందో నీకు చెప్పలేదు.” అమ్మమ్మ గోడకు చేరగిలబడింది. “వాడి చెప్పులూ ఇలాగే అరిగేవి. ముందు పిల్లినడక. తర్వాత మెట్లెక్కలేకపోయాడు. తర్వాత పడిపోవడం. మీ నాన్న, పాపం, చెప్పులు పాడుచేస్తున్నాడని కొట్టేవాడు కూడా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే పిల్లల్ని కనడానికి భయపడతావని. ఆడపిల్లకు రాదు, బెంగపడకమ్మా అన్నాడు ఆనాటి డాక్టరు. నీకు రాదన్నాడు గానీ నీ నుంచి ఇంకొకడికి పోతుందని నాకెవరు చెప్పారే?”

“పిల్లినడక అని వాడు నడిచిన ప్రతిసారీ నవ్వాం కదమ్మా. నువ్వూ నవ్వావు.”

“కళ్ళు మూసుకుని నవ్వాను,” అంది అమ్మమ్మ. “అది కాకూడదని.”

ఆస్పత్రిలో రక్తం తీశారు, పరీక్షల మీద పరీక్షలు చేశారు. నెల్లాళ్ళకు డాక్టరమ్మ భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. కండరాలు ఏటికేడు బలహీనపడే జబ్బు. తల్లి నుంచి మగపిల్లలకు వస్తుంది. నయం చేసే మందు తన దగ్గర లేదు, మెల్లగా ముదిరేలా చూసేవి మాత్రం ఉన్నాయి. ఇంకో రెండు మూడేళ్ళు నడవొచ్చు. తర్వాత చక్రాల కుర్చీ. ఆ తర్వాతి సంగతి తండ్రి అడగబోయి ఆగిపోయాడు.

“నేను వాణ్ణి కొట్టాను,” అంది తల్లి.

“కొట్టడం వల్ల వచ్చింది కాదమ్మా ఇది.”

“కాదని నాకూ తెలుసు డాక్టరమ్మా. కొట్టానని చెబుతున్నాను.”

డాక్టరమ్మ కాగితాలు పక్కకు జరిపింది. తర్వాత పెద్దమ్మాయి గురించి అడిగింది. జబ్బు పడకపోయినా ఆ పిల్ల కూడా తల్లిలాగే దీన్ని మోస్తూ ఉండొచ్చు, పెద్దయ్యాక పరీక్ష చేయించాలంది. ఏ వయసులో చెప్పాలో, ఏ మాటలతో చెప్పాలో తల్లి అక్కడే అడిగి తెలుసుకుంది.

వస్తూ దారిలో బూట్ల దుకాణంలోకి వెళ్ళారు. కొట్టువాడు మందపాటివి తీసి బల్ల మీద టకటకా కొట్టి చూపించాడు. “మూడేళ్ళు మన్నుతాయమ్మా.”

“అవి వద్దు. అన్నిటికన్నా తేలికైనవి ఇవ్వండి.”

“అవి పలచన. ఊరికే అరిగిపోతాయి.”

“అరగనివ్వండి,” అంది. భర్త అటు తిరిగి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

చిన్నోడి తరగతి రెండో అంతస్తులో ఉండేది. దాన్ని కిందికి మార్చమని ఆమె హెడ్మాస్టరు చుట్టూ నాలుగుసార్లు కాళ్ళరిగేలా తిరిగింది. నాలుగోసారి ఆయన మార్చాడు. ఇంత చేసిన మనిషి, కన్నతల్లితో మాత్రం మూడు నెలలు మాట్లాడలేదు. ఫోను వస్తే పిల్లలకిచ్చేసి అవతలికి పోయేది. లాండ్రీలో ఇస్త్రీపెట్టె నెడుతూ లోపల్లోపలే తిట్టుకునేది. ముందే తెలిసుంటే ఏం చేసేదాన్ని అని తనను తానే అడిగేది. వీణ్ణి కనకుండా ఉండేదాన్నా? ఆ ప్రశ్న దగ్గరకొచ్చేసరికి చేతిలో పని ఆగిపోయేది.

చలికాలంలో చిన్నోడికి పొద్దున్నే పిక్కలు పట్టేయసాగాయి. ముట్టుకుంటే అరిచేవాడు. ఎలా పట్టుకోవాలో, ఎటు మడవాలో ఆమెకు తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం సగంపూట సెలవు పెట్టి బస్సెక్కింది.

తలుపు తీసిన అమ్మమ్మ పక్కకు తప్పుకుంది. ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు.

“పొద్దున్న అన్న కాళ్ళు పట్టేస్తే ఏం చేసేదానివమ్మా?”

అమ్మమ్మ ఉలిక్కిపడ్డట్టు చూసింది. ఆ ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పిల్లాడి ఊసు ఎవరూ ఎత్తలేదు. “వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు చుట్టేదాన్ని,” అంది నెమ్మదిగా. “నీళ్ళు కారకుండా గట్టిగా పిండు, చల్లారితే మళ్ళీ పట్టేస్తుంది. అది వెచ్చగా ఉన్నప్పుడే పాదాన్ని పైకి వంచాలి, ఇదిగో ఇలా.” కూతురి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని చూపించింది. మడమ కింద ఒక చెయ్యి, వేళ్ళ కింద ఒక చెయ్యి. “లెక్కపెట్టమనేదాన్ని వాణ్ణి. ఇరవైదాకా. నొప్పెక్కువైతే మధ్యలో అంకెలు మింగేసేవాడు, దొంగ వెధవ.”

అంటూనే నవ్వింది. ఆ నవ్వు వెంటే కళ్ళనీళ్ళొచ్చాయి, అయినా మాట ఆపలేదు. వాణ్ణి ఎలా లేవదీయాలో చెప్పింది, పడుకోబెట్టేటప్పుడు మోకాళ్ళ కింద ఏం పెట్టాలో చెప్పింది, తనను మోయొద్దని కోప్పడేవాడనీ, మోస్తే మెడ చుట్టూ చేతులేసి చెవి కొరికేవాడనీ చెప్పింది.

“నడక ఆగిపోయిన రోజు ఏడ్చాడా అమ్మా?”

“లేదు. నేనూ మీ నాన్నా ఏడ్చాం. వాడు ఆకలేస్తోందన్నాడు.”

కూతురు తలొంచుకుంది. ఒళ్ళోంచి కాలు తీయకుండానే, “ఏం పెట్టావు?” అని అడిగింది.