దుప్పట్ల వెనుక అడుగులు

"ఓర్పంటే మీ ఇంటి ఆడవాళ్లను చూసి నేర్చుకోవాలమ్మా" అంది టీచరమ్మ, ఇస్త్రీకి తెచ్చిన మూట బల్ల మీద పెడుతూ. "అత్తగారేమో అంత నొప్పితో అన్నేళ్లు నిలబడి పనిచేసింది. నువ్వేమో ఇంటెడు చాకిరీ ఒంటిచేత్తో చేస్తున్నావు. ఒక్కనాడైనా అబ్బా అన్న పాపాన పోలేదు."

కోడలు బొగ్గుల ఇస్త్రీపెట్టెను చొక్కా కాలరు మీద నడిపిస్తూనే నవ్వింది. మధ్య గదిలో, దిండ్లు పేర్చి వాటి మీద కుడికాలు పెట్టుకుని పడుకున్న అత్తగారికి కూడా ఆ మాట వినపడింది. ఆమె లోలోపల పొంగిపోయింది. మన ఇళ్లలో ఆడవాళ్లకు దొరికే మెప్పులన్నిటిలోకీ చవకైనది ఇదే. అయినా దాన్ని వద్దనుకున్న ఇల్లాలు నాకింతవరకు కనపడలేదు. ఆ మెప్పు ఆ ఇంట్లో ఏం పని చేసిందో చెప్పడానికే ఈ కథ. దీన్ని దయ్యాల కథ అనుకుంటే అనుకోండి. ఆ ఇంటివాళ్లూ కొన్నాళ్లు అలాగే అనుకున్నారు.

ముందు గదిలో ఇస్త్రీ బల్ల, మధ్య గదిలో కాపురం, వెనక రేకుల షెడ్డులో బట్టలు ఆరబెట్టే తీగలు. అంతే ఆ ఇల్లు. లాడ్జీల నుంచి దుప్పట్లు వస్తాయి. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి పంపాలి. అత్తగారి భర్తా, కొడుకూ బండి మీద మూటలు తెచ్చి, ఉతికి, మళ్లీ చేరవేస్తారు. ఆరబెట్టడం, ఇస్త్రీ ఆడవాళ్ల పని. రెండూ నిలబడి చేసేవే.

అత్తగారి కుడికాలి చీలమండ పూర్తిగా అరిగిపోయింది. ఎముకకు ఎముక ఒరుసుకుంటోందని, ఇక ఆ కీలును అతికించేయడమే దారి అని డాక్టరు ఆపరేషన్ చేశాడు. "అరిగిపోయినదంతా గీకి తీసేసి, ఎముకల్ని మరలతో బిగించాను. అవి ఒకటిగా అతుక్కోవాలి. దానికి నెలలు పడుతుంది. నేను చెప్పేదాకా ఆ కాలు నేల మీద మోపకూడదు" అన్నాడు.

నెలలంటే ఏమిటో మంచం మీద పడుకున్నాక గానీ ఆమెకు అర్థం కాలేదు. కాలు దిండు మీద ఉంటే లోపల ఎవరో నెమ్మదిగా మర తిప్పుతున్నట్టు ఉండేది. కిందికి దించితే వేళ్లు ఊదారంగు తిరిగి, పిండికట్టు బిగిసిపోయేది. వాకర్ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ బాత్రూముకి వెళ్లి వచ్చేసరికి ఒళ్లంతా చెమట. నిన్నటికంటే ఈ రోజు నయం అనుకునేలోపే మళ్లీ మొదటికొచ్చేది. అయినా ఎవరైనా "ఎలా ఉంది?" అని అడిగితే "పర్వాలేదు" అనేది. పంటి బిగువున ఆ మాట అనడం ఆమెకు కొత్త కాదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఆమె తన నడక తాను విన్నది.

ఆ నడక వీధి వీధంతటికీ తెలుసు. ఎడమ అడుగు గట్టిగా పడుతుంది. కుడి అడుగు ఆలస్యంగా, నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. అడుగు, ఆగడం, ఈడ్పు. ఆ చప్పుడు వింటే చాలు, తలుపు తీయకముందే ఫలానా ఆవిడ వచ్చిందని ఇరుగుపొరుగు చెప్పేవాళ్లు. ఇప్పుడా నడక వెనక షెడ్డులో వినపడుతోంది. ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఆమె తలెత్తి చూసుకుంది. తన కాలు దిండ్ల మీదే, తెల్లటి కట్టులో, కదలకుండా ఉంది.

"అమ్మాయ్" అని పిలిచింది. అడుగులు ఆగిపోయాయి. కాసేపటికి కోడలు ముందు గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"షెడ్డులో ఎవరే?"

"ఎవరూ లేరత్తయ్యా. నేను ముందు గదిలోనే ఉన్నానుగా."

"నడిచారే ఎవరో. అచ్చం నాలాగే."

కోడలు గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది. "మందుల మత్తు అయ్యుంటుంది, పడుకోండి" అంది.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు భర్తను అడిగింది. ఆయనకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం వినపడవు.

"నాకేం వినపడలేదే" అన్నాడాయన.

"మీకు వినపడితే అదే వింత" అంది ఆమె. కొడుకు నవ్వాడు. ఆ నవ్వుతో ఆ మాట అక్కడికి ముగిసింది.

కానీ నడక ముగియలేదు. మగవాళ్లు బండితో వెళ్లాక, వీధి సద్దుమణిగాక, దాదాపు రోజూ వచ్చేది. ఆమె పిలవగానే ఆగేది. ఊపిరి బిగబట్టి వింటే, అవతల కూడా ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు ఉండేది. డాక్టరు మాట ఆమె బుర్రలో తిరిగేది. అరిగినదంతా తీసేశానన్నాడు. తీసేసింది ఎక్కడికి పోయినట్టు? అన్నేళ్లు ఈ ఇంట్లో తిరగడానికి అలవాటుపడిన నొప్పి, తనను మంచం మీద వదిలేసి, తన పని తాను చేసుకుపోతోందా? పిచ్చి ఆలోచన అని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

ఒకనాడు గుడ్డపీలిక కనపడింది.

ఆ పీలిక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో చిరిగిన దుప్పటిని పారేయరు. పొడుగ్గా చింపి మూటకట్టి ఉంచుతారు. వేలు తెగినా, తల నొప్పెట్టినా అదే మందు. ఆమె ఆ ఇంటికి కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో, తడి దుప్పట్ల మూట ఎత్తుకుని షెడ్డు గుమ్మం దగ్గరి పాచిరాయి మీద జారి కాలు మడతపడింది. అప్పుడు, తన నొప్పి ఏనాడూ పైకి చెప్పని వాళ్ల అత్తగారు ఒక పీలిక తడిపి, చీలమండ చుట్టూ బిగించి కట్టి, "కట్టు ఆరేకొద్దీ బిగుస్తుంది, నొప్పి తెలియదు. లే, ఇస్త్రీ చల్లారిపోతోంది. ఓర్చినమ్మకు తేటనీరు" అంది. ఆమె లేచింది. ఆ పూటే నిలబడి ఇస్త్రీ చేసింది. ఆనాటి నుంచి ఆపరేషన్ ముందురోజు దాకా ఆ పీలిక ఆమె చీర కుచ్చిళ్ల చాటున ఉంటూనే వచ్చింది. రాత్రి విప్పి, కిటికీ ఊచకు ఆరేసేది. ఆ కథను ఆమె వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెప్పుకునేది. కోడలికైతే చెప్పని వారం లేదు.

ఇప్పుడు, నిద్రలోంచి కళ్లు తెరిచేసరికి, షెడ్డు వైపు కిటికీ ఊచకు ఒక పీలిక వేలాడుతోంది. తడిగా ఉంది. అప్పుడే ఎవరో కాలినుంచి విప్పినట్టు, చుట్టు చుట్టుగా వంపు తిరిగి ఉంది. చనిపోయిన తన అత్తగారు ఒక్కసారి కళ్లముందు మెదిలింది. ఆమె కోడలిని పిలిచింది. కోడలు వచ్చేసరికి కిటికీకి ఏమీ లేదు.

ఆ సాయంత్రం కొడుకు తీర్మానించేశాడు. "మాత్రలే ఇదంతా చేస్తున్నాయి. ఆ నొప్పిమాత్ర ఆపేద్దాం. లేనిపోనివి చూడటం అదే తగ్గుతుంది" అన్నాడు. డాక్టరును అడగాలని ఎవరికీ తోచలేదు. ఇంటికొక వైద్యుడు ఉండనే ఉంటాడు కదా. గుమ్మంలో నిలబడ్డ కోడలి ముఖం పాలిపోయింది. ఏదో చెప్పబోయింది. మళ్లీ ముందు గదిలోకి వెళ్లి ఇస్త్రీపెట్టె అందుకుంది.

మాత్ర ఆగాక అత్తగారికి ఎముకలు నరకం చూపించాయి. కాలు దిండు మీద ఉన్నా మంట, దించినా మంట. పిండికట్టును పళ్లతో కొరికి తీసేయాలనిపించేది. నిద్ర లేదు. అడుగులు మాత్రం మునుపటికంటే స్పష్టంగా వినపడ్డాయి. అప్పుడామెకు రెండు భయాలు పట్టుకున్నాయి. ఒకటి, తనకు మతి తప్పుతోందని. రెండోది, తప్పడం లేదని.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం అడుగులు మొదలయ్యాయి. అడుగు, ఆగడం, ఈడ్పు. ఈసారి ఆమె పిలవలేదు. వాకర్ దగ్గరికి లాక్కుని, కుడికాలు గాలిలో ఉంచి, శబ్దం కాకుండా ఒక్కొక్క గెంతే వేస్తూ షెడ్డు గుమ్మం దాకా వెళ్లింది.

లోపల దుప్పట్లు వరసలు వరసలుగా వేలాడుతున్నాయి. ఆ తెలుపులో ఎవరూ కనపడలేదు. నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. అప్పుడామె చూపు కిందికి దిగింది. దుప్పటి అంచుకీ నేలకీ మధ్య ఖాళీలో రెండు పాదాలు నడుస్తున్నాయి. ఎడమది గట్టిగా పడింది. కుడిపాదం బయటికి తిరిగి, నేల మీద ఈడుస్తూ వచ్చింది. దాని చీలమండ చుట్టూ గుడ్డపీలిక బిగించి ఉంది.

అది తన కాలే. ఆమె తన కాలి వంక చూసుకుంది, మళ్లీ ఆ కాలి వంక చూసింది.

"ఎవరు నువ్వు?" అంది. ఆ గొంతు తనది కానట్టుంది.

పాదాలు ఆగిపోయాయి. ఆమె చెయ్యి చాచి దుప్పటి పక్కకు లాగింది. చేతిలో తడి దిండుగలీబుతో కోడలు నిలబడి ఉంది. కళ్ల నిండా నీళ్లు.

"నేనే అత్తయ్యా."

అత్తగారికి ముందు ప్రాణం కుదుటపడింది, ఆ వెంటనే చూపు మళ్లీ ఆ పీలిక మీదికి పోయింది. "ఎప్పట్నుంచే?" అంది.

"మిమ్మల్ని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే. అదే రాయి మీద జారాను. పీలిక కట్టుకున్నా. తగ్గుతుందిలే అనుకున్నా. అందరి ముందూ పళ్లు బిగించి తిన్నగా నడుస్తూ, షెడ్డుకి మాత్రం మీ కంట పడకూడదని పక్కసందులోంచి వస్తూ పోతూ ఉన్నా. ఊచకు ఆరేసిన పీలిక కూడా మీరు పిలవగానే నేనే లాగేశా."

"నేను చెవులప్పగించి భయంతో చస్తుంటే, నా మాత్రలు ఆపేస్తుంటే, అప్పుడైనా నోరు తెరవొద్దా?"

"ఎలా చెప్పను? ఇద్దరం పడుకుంటే ఇల్లు ఏమవుతుంది? మీకంత పెద్ద నొప్పి ఉండగా నాదీ ఒక నొప్పేనా అనిపించింది. మీరే చెప్పేవారుగా, పీలిక కట్టుకుని ఆ పూటే లేచానని."

ఆ మాట ఆమెకు ఆపరేషన్ కత్తి కంటే లోతుగా దిగింది. వాకర్ వదిలేసి గోడకు జారి కూలబడింది. కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పీలిక తన చేతులతోనే విప్పింది. లోపల చీలమండ నల్లగా కమిలి, నొక్కితే గుంట పడేలా వాచి ఉంది. తన కాలు మొదట్లో ఎలా ఉండేదో ఆమెకిప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు దాన్ని విప్పి చూసినవాళ్లు లేరు. ఆమె కోడలి కాలు ఒళ్లో పెట్టుకుని, ఇన్నేళ్లూ ఆపుకున్నదంతా కలిపి ఏడ్చింది.

బండితో తిరిగొచ్చిన కొడుకు ఇద్దరినీ అలా చూసి బిత్తరపోయాడు.

"ఒరేయ్, ముందు దీన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు."

"తీసుకెళ్తానే. లాడ్జీ వాళ్లకు సాయంత్రానికి దుప్పట్లు..."

"ముడతల దుప్పట్ల మీద కూడా నిద్రపడుతుంది. నాకే పట్టడం లేదు. వెళ్లు."

డాక్టరు చూసి, కీలును పట్టి ఉంచే పట్టీ సగం చిరిగిందన్నాడు. కట్టు వేశాడు. "కదలకుండా ఉంచితే మానుతుంది. ఇలాగే తిరిగితే, కొన్నేళ్లకు ఈ కీలూ అరిగి, మీ అమ్మ చేయించుకున్న ఆపరేషనే ఈ అమ్మాయికీ చేయాల్సి వచ్చేది" అని చెప్పి, "అయినా నన్నడగకుండా మాత్ర ఆపమని మీకెవరు చెప్పారు?" అని కొడుకును గట్టిగానే చీవాట్లు పెట్టాడు.

ఇప్పుడు ఆ మధ్య గదిలో రెండు మంచాలు, దిండ్ల మీద రెండు కాళ్లు. ముందు గదిలో తండ్రీ కొడుకులు ఇస్త్రీ చేస్తున్నారు. చొక్కాకి ఎక్కడ మడత పడాలో తెలియక ఇద్దరూ పోట్లాడుకుంటుంటే, ఒకాయనకు వినపడకపోవడం వల్ల ఆ పోట్లాట వీధి చివరిదాకా వినపడుతోంది. పని సగానికి సగం తగ్గింది. ఇల్లు మాత్రం కూలిపోలేదు. అత్తగారి కాలు ఇంకా నెమ్మదిగానే మానుతోంది. నొప్పి లేచినప్పుడల్లా ఆమె "అబ్బా" అని గట్టిగా అంటోంది. మొదట్లో అలా అనడానికి సిగ్గుపడింది. ఇప్పుడు కోడలు కూడా అంటోంది.

మూట కోసం వచ్చిన టీచరమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి నొచ్చుకుంది. "అయ్యో, ఇద్దరికిద్దరూనా? ఏం చేస్తాం, ఓర్చుకోవాలి. ఓర్చినమ్మకు తేటనీరని ఊరికే అన్నారా?"

"నీళ్లు తేటపడేదాకా నిలబడాలంటే కాళ్లుండాలిగా టీచరమ్మా" అంది అత్తగారు. టీచరమ్మ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

"మా అత్త తన నొప్పి దాచింది, నాకు దాచడం నేర్పింది. అదేదో ఘనకార్యమైనట్టు నేను దీనికి చెప్పుకున్నాను. మీరంతా మెచ్చుకున్నారు. ఇక మా ఇంటి ఓర్పును మెచ్చుకోకండమ్మా. ఎక్కడ నొప్పి అని అడగండి, చాలు. నేను మంచం మీద పడుకుని, నా నడక నేనే విన్నాను. దాచిపెట్టిన నొప్పి ఎక్కడికీ పోదు. అదే ఇంట్లో ఇంకొకరి కాళ్లతో నడుస్తుంది."