చెవులక్క మొహమాటం

చెవులక్క చెవులు ఎన్నోసార్లు విమానమెక్కాయి. చెవులక్క మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

ఇదేమీ పొడుపుకథ కాదు. వినపడని పిల్లల బడిలో ఆవిడ పని చెవి అచ్చులు తీయడం. వినికిడి మిషను చెవిలో కుదురుగా కూర్చోవాలంటే ఆ చెవికి సరిగ్గా సరిపోయే అచ్చు ఒకటుండాలి. చెప్పుల్లాగా సైజులవారీగా కొట్లో దొరికేది కాదది. చెవి లోపల దారం కట్టిన దూది ముద్ద పెట్టాలి. రెండు రకాల ముద్దలు కలిపి పిసికి, సిరంజిలోకి ఎక్కించి, మెల్లగా చెవి నిండా నింపాలి. గట్టిపడ్డాక బయటికి తీస్తే చెవిలో ఉన్న వంకరలన్నీ దానిమీద దిగి ఉంటాయి. పిల్లలు ఎదుగుతారు, వాళ్ళతోపాటు చెవులూ ఎదుగుతాయి, పాత అచ్చు వదులై మిషను ఈలలు వేయడం మొదలుపెడుతుంది. మళ్ళీ కొత్తది తీయాలి. కాబట్టి ఆవిడకి పని లేని రోజంటూ ఉండదు.

ఆ బడికి ఏటా ఒక విదేశీ కాలేజీ నుంచి విద్యార్థులు వస్తారు. పుస్తకాల్లో చదివింది చేత్తో చేసి నేర్చుకోవాలి, ఆ నేర్చుకోవడం నలుగురికీ పనికిరావాలి అని వాళ్ళ కాలేజీ పద్ధతి. పొద్దున్నంతా చెవులక్క గదిలో అచ్చులు తీస్తారు. మధ్యాహ్నం వీధులు పట్టుకు తిరిగి, ముసలివాళ్ళ మిషన్లు తుడిచి, బాగుచేసి పెడతారు. అయితే సిరంజి పట్టుకోవడం రానివాళ్ళ చేతికి పసిపిల్లల చెవులు ఎవరిస్తారు? అందుకని ఎవరొచ్చినా మొదటి అచ్చు తన చెవిలోనే తీయాలని చెవులక్క నియమం పెట్టింది. చేయి వణికినా, ముద్ద మెడమీదికి కారినా, కళ్ళు మూసుకుని "ఊఁ, కానియ్యి" అంటూ కూర్చునేది. వెళ్ళేటప్పుడు వాళ్ళు ఆ మొదటి అచ్చుని గుర్తుగా పట్టుకుపోయేవాళ్ళు. ఎవరి బల్లమీదో, ఎవరి కిటికీ గట్టుమీదో ఆవిడ చెవులు ఎర్రవీ నీలివీ ఇప్పటికీ ఉండే ఉంటాయి.

"మీ ఊరు నా చెవులు చూశాయి, కళ్ళే ఇంకా చూడలేదు" అని నవ్వుతూ అనేది. నవ్వుతూ అందిగదా అని అందరూ నవ్వి ఊరుకునేవాళ్ళు.

ఆవిడకి ఆ ఊరు చూడాలని ఉంది. ఉందంటే మామూలుగా కాదు. అచ్చు గట్టిపడేదాకా ఊరికే కూర్చోవాలి గనక, ఆ కాస్త సేపట్లో ఒక్కొక్కరినీ అడిగి అడిగి ఆ ఊరినంతా ఆవిడ మనసులో కట్టుకుంది. కాలేజీ ముందు ట్రాము దిగాలి. నది మీద ఇనుప వంతెన దాటాలి. దాటగానే మూలమీద పూలకొట్టు, దాని పక్క సందులో వినికిడి ప్రయోగశాల. అక్కడ ముద్దా లేదు, సిరంజీ లేదు, చెవి దగ్గర చిన్న దీపంలాంటిది తిప్పితే చాలు, చెవి బొమ్మ మొత్తం తెరమీద వచ్చేస్తుందట. ఆ మాట విన్న రోజు ఆవిడకి అన్నం సహించలేదు. ఒకసారి కొత్తగా వచ్చిన వాళ్ళని "మూలమీద పూలకొట్టు బాగుందా?" అని అడిగితే, "అది ఎత్తేశారుగా" అన్నారు. ఎన్నడూ చూడని కొట్టు కోసం ఆ రోజంతా దిగులుగా తిరిగింది.

బడి గుమ్మం పక్కన 'విద్యార్థుల మార్పిడి కార్యక్రమం' అని బోర్డు ఉంది. మార్పిడి అంటే ఇటువాళ్ళు అటూ అటువాళ్ళు ఇటూ కదా. ఇన్నేళ్ళలో అటునుంచి ఇటు రావడమే గానీ ఇటునుంచి అటు వెళ్ళిన పురుగు కూడా లేదు. ఆ ముక్క ఎవరినీ అడగలేదు చెవులక్క. అడిగితే ఆశపడుతోందనుకుంటారని భయం.

ఆవిడకి మొహమాటం జాస్తి. ఆవిడకే ఏమిటి, ఆవిడ ఎరిగిన వాళ్ళందరికీ అంతే. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడిగితే "ఎందుకండీ శ్రమ" అనాలి. అప్పుడు వాళ్ళే బలవంతాన చేతిలో పెడతారు. విద్యార్థులు భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు ఈ మర్యాదే ఆవిడ వాళ్ళకీ నేర్పింది. ఒక కుర్రాడు పాపం నిజంగానే కడుపు నిండి వద్దన్నాడు. ఆవిడ నమ్మలేదు. వాడు ఆ రాత్రి మెట్లు దిగలేక రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు.

ఈసారి విద్యార్థులతో పాటు వాళ్ళ మాస్టారు కూడా వచ్చాడు. మనిషి గుమ్మానికి తల తగిలేంత ఎత్తు, అందరూ పొడుగు మాస్టారు అనేవాళ్ళు. మన మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చు. వెళ్ళబోయే ముందురోజు సాయంత్రం అచ్చుల గదిలోనే అందరూ టీ తాగుతున్నారు. చెవులక్కా, ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న కొత్తమ్మాయీ కప్పులు అందిస్తున్నారు. పొడుగు మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే టర్ములో మీలో ఒకరికి మా దగ్గర చోటు. పొద్దున ప్రయోగశాల. మధ్యాహ్నం వృద్ధుల ఇళ్ళలో సేవ. మా పిల్లలు ఇక్కడ చేసినట్టే. ఖర్చంతా కాలేజీది." అని చెవులక్క వైపు తిరిగాడు. "ముందు మిమ్మల్నే అడగాలి. మీరు వస్తారా?"

అందించబోయిన కప్పు చెవులక్క చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా ఏ మాట కోసం కళ్ళు కాయలు కాచేలా చూసిందో ఆ మాట వచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడ నోరేమో దాని అలవాటున అది కదిలింది.

"అబ్బే, నేనెందుకండీ! ఈ వయసులో... చిన్నవాళ్ళెవరినైనా పంపించండి."

అని, రెండోసారి అడగడం కోసం ఆగింది.

పొడుగు మాస్టారు ఎంతో గౌరవంగా తల వంచాడు. "సరే. అర్థమైంది" అన్నాడు. కొత్తమ్మాయి వైపు తిరిగాడు. "మరి మీరు?"

"వస్తానండీ" అంది కొత్తమ్మాయి, ఠక్కున.

గదంతా చప్పట్లు. చెవులక్క కూడా కొట్టింది. కప్పు కింద పెట్టి మరీ కొట్టింది.

ఇంట్లో మొగుడు బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. సంగతంతా విని ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆవిడ వైపు చూశాడు.

"అడిగితే వద్దన్నావా? ఎందుకన్నావే?"

"అడగ్గానే వస్తానంటే ఏం బావుంటుంది? ఇందుకోసమే కాచుక్కూచున్నట్టుండదూ?"

"కాచుక్కూచునే ఉన్నావుగా! టీ తాగుతావా అంటే వద్దంటావు, నా గ్లాసులో సగం తాగుతావు. నేనంటే అలవాటు పడ్డాను, ఆయనకేం తెలుసు పాపం? మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెతుంది చూడు..."

"ఆ సామెత పూర్తిగా చెప్పకు, పక్కగదిలో పిల్లలున్నారు."

"సరే, పిల్లలు వినదగ్గది చెప్తా విను. అడగనిదే అమ్మైనా పెట్టదు. పొద్దున్నే వెళ్ళి, నాకు రావాలనుంది బాబూ అని చెప్పు."

పిలవని పేరంటానికి వెళ్ళే మనిషి కాదు ఆవిడ. అయినా వెళ్ళింది. తెల్లవారి అతిథిగృహం ముందు వ్యానులోకి పెట్టెలు ఎక్కిస్తున్నారు. పొడుగు మాస్టారు లోపలెక్కడో ఉన్నాడు. ఆవిడని చూసి పిచ్చుక పరిగెత్తుకొచ్చింది. బక్కపలచగా, గలగలా మాట్లాడుతూ ఉంటుందని ఆ విద్యార్థినికి చెవులక్కే ఆ పేరు పెట్టింది.

"అక్కా, నిన్న మీరు వద్దన్నారు. నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ అడగాలనుకున్నాను. మీ ఇంట్లో భోజనం గుర్తొచ్చింది. కానీ మాకు అడక్కూడదు."

"ఎందుకడక్కూడదే?"

"మొదటి క్లాసులోనే చెప్తారు. అక్కడివాళ్ళు వద్దంటే, వద్దు. రెండోసారి అడగొద్దు. మేం దూరం నుంచి వచ్చినవాళ్ళం. మా మాట కాదనలేక మీరు సరే అంటారు. అది బలవంతం. ఆ పాఠం రాసింది మాస్టారే."

చెవులక్కకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మాస్టారి మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. ఆయన మర్యాద ఆయన పాటించాడు, ఈవిడ మర్యాద ఈవిడ పాటించింది. మధ్యలో సీటు కాస్తా జారిపోయింది. ఇంతలో ఆయనే బయటికొచ్చి చేతులు జోడించాడు. కొత్తమ్మాయి పేరు రాత్రే కాలేజీకి పంపేశానని సంబరంగా చెప్పాడు. "మీకేమైనా చెప్పాలా?" అని కూడా అడిగాడు.

"ఏం లేదండీ. జాగ్రత్తగా వెళ్ళిరండి" అంది.

ప్రిన్సిపాలుగారు ఆ రోజే పిలిచి మెచ్చుకున్నాడు. "మీరు వద్దన్నారటగా? మంచిపని చేశారమ్మా. మీరు లేకపోతే ఆ గది మూతపడేది" అన్నాడు. ఆవిడ ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేద్దామనుకుంది గానీ చెవుల మనిషికి అది చేతకాలేదు. ఇంటికి వెళ్ళేదాకా అది లోపల తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత కొత్తమ్మాయిని తయారుచేసే పని ఆవిడ మీదే పడింది. ఆ ఊరి గురించి అంత తెలిసినవాళ్ళు మరి ఇంకెవరున్నారు! ట్రాములో ముందు తలుపు ఎక్కడానికి, వెనక తలుపు దిగడానికి. వంతెన మీద గాలికి చున్నీ ఎగిరిపోతుంది, పిన్ను పెట్టుకో. అక్కడి ముసలివాళ్ళకి గట్టిగా అరిస్తే కోపం, ఎదురుగా కూర్చుని పెదాలు కనపడేట్టు మాట్లాడు. చెబుతూ చెబుతూ ఉంటే తనే వంతెన మీద నడుస్తున్నట్టుండేది. మధ్యలో కొత్తమ్మాయి "తర్వాత ఎటు తిరగాలక్కా?" అంటే ఉలిక్కిపడి, తిరగాల్సింది తను కాదని గుర్తొచ్చి, "ఎడమవైపే" అనేది.

ఒకనాడు మధ్యాహ్నం బడి పిల్లలంతా ఆటస్థలంలో ఉన్నారు. గదిలో ఇద్దరే. అక్కడ వృద్ధుల ఇళ్ళలో అచ్చులు చేత్తోనే తీయాలట, కొత్తమ్మాయి చేతివేగం ఇంకా పెరగాలని చెవులక్క తన చెవులే ఇచ్చింది. కుడిచెవి అచ్చు తీయడం అయింది. ఎడమచెవిలో దూది పెట్టి, ముద్ద పిసుకుతూ కొత్తమ్మాయి అంది:

"అక్కా, నీకు వెళ్ళాలని ఉందా?"

"నాకా? అబ్బే!"

కొత్తమ్మాయి చేతులు ఆగాయి. ముందుకొచ్చి స్టూలు మీద కూర్చుని మొహంలోకి చూసింది. "నిజం చెప్పక్కా. ఉందా?"

రెండోసారి అడిగింది. పొడుగు మాస్టారు అడగనిది, పిచ్చుక అడగలేకపోయినది, ఈ పిల్ల అడిగింది.

"ఉందే," అంది చెవులక్క. "ఎప్పట్నుంచో ఉంది. నువ్వు ఆ ఊరు గురించి ఏదడిగినా ప్రాణం అటే పోతోంది. పడుకుంటే ఆ వంతెనే కనపడుతోంది. నాకు చాలా ఉందే." కళ్ళమ్మట నీళ్ళు జలజలా రాలాయి. కొంగుతో తుడుచుకుంది.

కొత్తమ్మాయి మొహం పాలిపోయింది. తర్వాత మెల్లగా అంది: "అయితే నువ్వే వెళ్ళక్కా. నేను వాళ్ళకి చెప్తాను. ఈ వారంలోగా చెప్తే పేరు మార్చుకోవచ్చన్నారు."

దారి ఉంది. ఇంకా ఉంది. వెళ్తానంటే చాలు. ఆ ఒక్క మాట చాలు.

"వద్దులేవే," అంది చెవులక్క. "నువ్వెళ్ళు. చిన్నదానివి."

ఎందుకందో ఆవిడకే తెలియదు. అనేసి, గుడ్లప్పగించి ఆ పిల్ల మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఈ పిల్ల మాస్టారు కాదు, పరాయి ఊరిది కాదు. తనలాంటి ఇంట్లోనే పుట్టి, తనలాంటి అమ్మ చేతి అన్నమే తిని పెరిగింది. మొదటి వద్దుకి అర్థమేమిటో దీనికొకరు చెప్పక్కర్లేదు. ఇంకొక్కసారి అంటుంది. 'అదేం కుదరదక్కా, నువ్వే వెళ్ళాలి' అంటుంది. అనగానే ఈసారి సరే అనేయాలి.

కొత్తమ్మాయి తల వంచుకుంది. అరచేతిలో ముద్దని చూసింది. అది గట్టిపడడం మొదలుపెట్టింది, ఇంకాసేపైతే పనికిరాదు. ఆ పిల్ల పెదవులు ఒకసారి విచ్చుకుని మళ్ళీ మూసుకున్నాయి.

"సరే అక్కా" అంది.

తలెత్తలేదు. గబగబా ముద్ద సిరంజిలోకి ఎక్కించసాగింది. ఆ వేళ్ళు వణుకుతున్నాయి.

చెవులక్కకి అప్పుడు తెలిసింది. అడగడం తెలియక కాదు, ఆ పిల్లకీ వెళ్ళాలని ఉంది. తనకున్నంతా ఉంది. తెలిశాక కోపం రాలేదు. తను ఆ స్టూలు మీదుంటే తనూ అడిగేది కాదేమో. అదొక్కటే అనుకుంది.

"చెయ్యి స్థిరంగా పెట్టు," అంది తల ఆ వైపు వంచి. "అక్కడ నీకు చెవి ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. కానియ్యి."