తెలీదు సొర

నాలుగో సొరచేపకు తోక నుంచి ముక్కు దాకా గాట్లు పెట్టిన కొలకర్ర ఆనించి, "పాల సొర, మూడు గాట్లు" అని కేకేశాడు కొలతలాయన. పక్కన లెక్కలు రాసే అమ్మాయి రాసుకుంది. రేవులో ఈ తడి గచ్చు మీద ముప్పై ఏళ్లుగా అతని పని ఇదే. పడవలు దించిన సొరలను జాతులవారీగా విడదీయడం, కొలవడం, పేరు చెప్పడం. మోకాళ్లు అరిగాయి, అరచేతులు ఉప్పుకు పగిలాయి, పేరు మాత్రం ఎన్నడూ తప్పు చెప్పలేదు. తెలియకపోతే తెలీదనేవాడు. ఆ ఒక్క మాటే అతని కొంప ముంచింది.

అతని చేతుల్లో పెరిగిన మేనల్లుడు, ఈ తీరంలో దొరికే సొరల మీద పుస్తకం రాస్తానని వచ్చి రెండేళ్లు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. పులి సొర చారలు ఏ వయసుకు మాసిపోతాయో, సుత్తితల సొర పిల్లలు ఏ నెలలో ఒడ్డుకొస్తాయో, అన్నీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు కొలతలాయన. ఒకనాడు రెక్కల అంచులు నల్లగా ఉన్న చిన్న సొర ఒకటి వచ్చింది. అల్లుడు పేరడిగితే "తెలీదు" అన్నాడు. అల్లుడు తలెత్తకుండా ఆ మాటనే పేరుగా రాసేసుకున్నాడు. అది చూసి అమ్మాయి నవ్వుతూ పైకి చదివింది. కొలతలాయన కూడా కడుపుబ్బ నవ్వి కొట్టెయ్యమన్నాడు. అలాగేనన్నాడు అల్లుడు. పుస్తకం మొదటి పేజీలో మావయ్య పేరే ఉంటుందని కూడా అన్నాడు.

ఆ పుస్తకం ఈ పొద్దున వచ్చింది. అల్లుడు రాలేదు, అతని ఆఫీసు బంట్రోతు తెచ్చిచ్చాడు. కొలతలాయనకు చదువు రాదు కాబట్టి అమ్మాయి చదివి పెట్టింది. మొదటి పేజీలో పెద్ద సార్ల పేర్లున్నాయి. పదకొండో సొర బొమ్మ కింద పేరు "తెలీదు" అనే అచ్చయింది. చివరి పేజీలో ఉన్నదీ చదివింది. స్థానిక పేర్లలో తప్పులుంటే అవి చెప్పిన రేవు కూలీలవేగాని రచయితవి కావట.

మధ్యాహ్నం ఫోన్ చేస్తే అల్లుడు కాసేపు నసిగాడు.

"దిద్దడానికి టైము చాల్లేదు మావయ్యా. అందుకే వెనక ఆ ముక్క వేశాను. ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా. నువ్వయితే ఏమీ అనుకోవని..."

"అనుకోనులే" అని పెట్టేశాడు. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాడు. ఇది మాత్రం మింగుడు పడలేదు. ఆ పూట తెచ్చుకున్న అన్నం మూత కూడా తియ్యలేదు.

సాయంత్రం చివరి పడవలోంచి ఆ నల్ల అంచుల సొరే దిగింది. వంగి కొలిచి, "రెండున్నర గాట్లు" అన్నాడు. అమ్మాయి కలం ఎత్తి పేరు కోసం ఆగింది. ఈ మధ్య దానికి మనసులో ఒక పేరు పెట్టుకున్నాడు, అల్లుడొస్తే చెబుదామని దాచుకున్నాడు.

"ఖాళీగా వదిలెయ్యమ్మా" అన్నాడు.

కొలకర్ర కడిగి గోడకు చేరేసి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ తరువాతా రాలేదు. అల్లుడు మాత్రం రెండుసార్లు వచ్చి వెతుక్కుని వెళ్లాడు, రెండో ముద్రణకు ఆ సొర పేరు కావాలట.

ఐసు గది తలుపు మూసుకుపోకుండా ఇప్పుడు ఆ కర్రనే అడ్డం పెడుతున్నారు. దాని మీద రెండో గాటుకూ మూడో గాటుకూ నడుమ కత్తిమొనతో గీసిన సన్నటి గీత ఒకటుంది, అది దేని కొలతో రేవులో ఎవరికీ తెలీదు.